నీళ్ళు, ఉప్పు, నిప్పు: నెల్లూరు తీరంలో ఒక ఆయుష్కాలం

అసర్ నమాజు ముగిశాక మసీదు అరుగు మీద కూర్చునే పెద్దల నోట తరచుగా వినవచ్చే మాట ఒకటుంది: “ఆ రోజుల్లో బర్కత్ ఉండేది, ఇప్పుడు లేదు.” ఈ మాట మన తండ్రులూ అన్నారు, తాతలూ అని ఉంటారు. వృద్ధాప్యానికి అది సహజమని నవ్వుకుని ఊరుకోవచ్చు. కాని చరిత్ర చదువుకునేవాడు అలా ఊరుకోరాదని నా అభిప్రాయం. పోయిందని చెప్పే ఆ శుభం ఎందులో ఉండేది? నిజంగా పోయిందా? పోతే ఏ ఏట, ఎవరి చేతుల మీదుగా పోయింది? నెల్లూరు తీరానికి చెందిన ఒక చిన్న ఊరిని, అక్కడ పుట్టి ముసలిదైన ఒక మనిషి జీవితాన్ని దగ్గర పెట్టుకుని ఈ ప్రశ్నలను పరిశీలించడమే ఈ వ్యాసోద్దేశం.

చరిత్రకారులు చేసే పొరపాట్లలో కంటికి ఆననిది ఒకటుందని ఇబ్నె ఖల్దూన్ తన ‘ముఖద్దిమా’ ఆరంభంలోనే హెచ్చరించాడు. రోజులు గడిచేకొద్దీ ప్రజల స్థితిగతులు మారిపోతాయి. ఆ మార్పు మెల్లగా వస్తుంది కనుక ఎవరికీ పట్టదు. పట్టనందువల్ల నిన్నటిని నేటితో కొలిచి తప్పు చేస్తాము. ఈ హెచ్చరికను మనవాళ్ళు అంతగా పట్టించుకోలేదనే చెప్పాలి. నెల్లూరు ముస్లింల చరిత్ర అనగానే ఆర్కాటు నవాబుల ప్రస్తావన వస్తుంది. 1757లో నెల్లూరులో నజీబుల్లా తన సోదరుడు నవాబు ముహమ్మదలీ మీద తిరగబడిన కథ వస్తుంది. ఆ ఏడాది ఈ తీరాన ఒక ఇల్లాలు వజూకు నీళ్ళు ఎక్కడి నుంచి తెచ్చుకున్నదో ఎవరూ రాయలేదు. ఆంగ్లేయులు కూర్చిన జిల్లా గ్రంథాలు, 1873 నాటి బాస్వెల్ దొర మాన్యువల్‌తో మొదలుపెట్టి, సర్కారుకు కావలసిన లెక్కల కోసం పుట్టినవి. ఈజిప్టులో మఖ్రీజీ కరవుల మీద, ధాన్యం ధరల మీద ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశాడు. అటువంటివాడు మనకు దొరకలేదు. కనుక బతికి ఉన్న సాక్షులను అడిగి తెలుసుకోవడమే మనకు మిగిలిన మార్గం. సాక్షిని వెతకడం, ఆ సాక్షి ఎవరు, ఎక్కడ నిలబడి చూశారు అని విచారించడం మన హదీసువేత్తలు నేర్పిన విద్యే గదా.

నా సాక్షి మా ఫూఫీ, అంటే మా నాన్నగారి అక్క. పెన్నకు ఉత్తరాన, అల్లూరు వైపు, బకింగ్‌హాం కాలువకు కనుచూపు దూరంలో ఆమె పుట్టిల్లు. మెట్టినిల్లూ అక్కడికి దగ్గరే. ఆమె పుట్టిన సంవత్సరం ఎవరూ రాసిపెట్టలేదు. తెల్లవాళ్ళు వెళ్ళిపోయిన ఏటికి తనకు ఏడెనిమిదేళ్ళని చెబుతుంది. అంటే ఇప్పుడు ఎనభై దాటి చాలా రోజులే అయింది. కళ్ళు మందగించాయి గాని జ్ఞాపకం చెక్కుచెదరలేదు. అరుగు మీది పెద్దలు చెప్పే కాలంలోనే ఆమె కూడా బతికింది. అయితే ఆమె ఆ కాలాన్ని అరుగు మీద నుంచి కాక వంటింటి నుంచి, దొరువు గట్టు నుంచి చూసింది.

దొరువు అంటే తెలియని పాఠకులకు రెండు మాటలు. మా తీరంలో సముద్రానికి, కాలువకు నడుమ ఇసుక దిబ్బలు ఉంటాయి. వానకాలంలో కురిసిన నీరు ఆ ఇసుకలో ఇంకిపోతుంది. మంచినీరు ఉప్పునీటి కంటే తేలిక కనుక అడుగున ఉన్న ఉప్పునీటితో వెంటనే కలవక, దాని మీద తేలి నిలుస్తుంది. ఇసుకలో నిలువెత్తో, అంతకు కాస్త ఎక్కువో తవ్వితే ఆ తేట నీరు ఊరుతుంది. అలా తవ్వి, వాలుగా మెట్టు కట్టిన గుంటే దొరువు. లెక్క చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. సముద్రమట్టం పైన ఒక్క అడుగు మంచినీరు నిలిచి ఉంటే దాని కింద సుమారు నలభై అడుగుల లోతు దాకా మంచినీరే ఉంటుందని భూగర్భ శాస్త్రం చెబుతోంది. అదే లెక్కను తిరగవేస్తే, పైన ఒక్క అడుగు తోడేస్తే అడుగు నుంచి ఉప్పునీరు నలభై అడుగులు పైకి ఎగబాకుతుంది. కుండతో ముంచుకున్నంత కాలం ఈ సంగతి ఎవరికీ తెలియవలసిన అవసరం రాలేదు. మోటారు వచ్చాక తెలిసింది.

ఫూఫీకి పెళ్ళయ్యేనాటికి ఇంటి నుంచి దొరువుకు అర మైలు. పరదా పాటించే ఇల్లు కనుక ఆడవాళ్ళు ఫజర్ అజాన్‌కు ముందే చీకట్లో బయలుదేరేవారు. ఇసుకలో నడక, తల మీద ఒకటి, చంకన ఒకటి. వేసవిలో నీరు ఊరడానికి కూర్చుని కాచుకోవాలి. చిప్పతో తోడి బిందెలో పోయాలి. రోజుకు నాలుగు బిందెలు ఒక మనిషి వంతు. ఆ నాలుగు బిందెలతోనే తొమ్మిది మంది ఉన్న ఇంట్లో తాగడం, వండడం, వజూ, పసిబిడ్డల శుభ్రం జరిగిపోయేవి. బట్టలకు, స్నానానికి చెరువే. ఇంట్లో ఒక రాగి కొమ్ముచెంబు ఉండేదట. దానితో ఇద్దరి వజూ పూర్తి కావాలని అత్తగారి ఆజ్ఞ. దైవప్రవక్త (సఅసం) ఒక ముద్ద్ నీటితో, అంటే మనిషి రెండు చేతులు కలిపి పట్టినంత కొలతతో వజూ చేసేవారని హదీసులో చదువుకుంటాము. ఆ అత్తగారికి ఆ హదీసు తెలిసి ఉండదు. కాని మా తీరంలో ఆ సున్నత్ చదువు అవసరం లేకుండానే అమలయింది. ఈనాడు మసీదులో కుళాయి తిప్పి వదిలేసి ముచ్చట్లాడుతూ వజూ చేసే కుర్రవాడికి ఆ హదీసు కంఠతా వచ్చు.

నీటి దగ్గరే మరొక సంగతి చెప్పాలి. ఇది రాయాలా వద్దా అని కొంత ఆలోచించాను. పెద్దలు బర్కత్ అనేటప్పుడు “అన్నీ అందరివీ” అని కూడా అంటారు. మసీదు పక్కన ఒక బావి ఉండేది. వేసవిలో దొరువులు ఎండితే ముస్లిం ఇళ్ళకు అదే ఆధారం. ఆ బావి గట్టు దాకా పల్లె (నేటి మాటలో దళితవాడ) స్త్రీలు, యానాది స్త్రీలు వచ్చి కుండలు కింద పెట్టి దూరంగా నిలబడేవారు. మనవాళ్ళెవరైనా తోడి పోయాలి. “పొయ్యమని ఎవరినీ వెనక్కి పంపలేదు” అని ఒక పెద్దాయన నాతో సగర్వంగా చెప్పారు. ఫూఫీని అడిగితే ఆమె చెప్పినది వేరు. “పోసేవాళ్ళం. కాని చేద వాళ్ళ చేతికి ఇచ్చేవాళ్ళం కాదు. మాకు పని తెమిలేదాకా ఎండలో నిలబడేవాళ్ళు. కొందరికి పిల్లలు చంకన ఉండేవాళ్ళు.”

ఈ ధర్మంలో ఎక్కడా లేని ఆచారం మన బావి గట్టుకు ఎలా వచ్చింది? చుట్టుపక్కల ఊరి ఆనవాయితీ నుంచి వచ్చింది. మనం వద్దనలేదు, అంతే. మదీనాలో ముస్లింలు నీటికి కటకటపడుతున్నప్పుడు హజ్రత్ ఉస్మాన్ (రజి) రూమా బావిని తన సొమ్ముతో కొని వఖ్ఫ్ చేశారని, ఆ తర్వాత తానూ అందరితో పాటు ఒక వాటాదారుగానే నీళ్ళు తోడుకున్నారని మన పిల్లలకు చెబుతాము. హారూన్ రషీద్ కాలపు ప్రధాన న్యాయమూర్తి ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) తన ‘కితాబుల్ ఖరాజ్’లో నీటి హక్కులను విపులంగా చర్చించారు. సొంత బావి గలవాడైనా దాహంతో వచ్చిన మనిషిని, పశువును అడ్డగించడానికి వీల్లేదన్నది మన ఫుఖహాలు స్థిరపరచిన హక్కు. దానినే వారు షఫా అంటారు. దప్పిక హక్కు అన్నమాట. దప్పిక హక్కుకు కులం లేదు. మా ఊళ్ళో ఉండేది. ఉమ్మడి అని మనం గర్వంగా చెప్పుకునే దానికి ఒక కంచె ఉండేదని ఒప్పుకోకుండా ఆ కాలపు చరిత్ర రాయలేము.

ఉప్పు కథ ఇంతకంటే సూటిగా ఉంటుంది. ఇసకపల్లి ఉప్పు కొఠార్లు మా వైపు ప్రసిద్ధం. ఆంగ్ల ప్రభుత్వం మద్రాసు రాజధానిలో ఉప్పును తన గుత్తాధిపత్యం కిందకు తెచ్చుకున్న 1805 నుంచి, తీరవాసి తన గుమ్మం ముందు ఎండలో పేరుకున్న ఉప్పును చేత్తో తీసుకోవడం నేరమయింది. 1930లో నెల్లూరు తీరంలో కూడా ఉప్పు వండి అరెస్టయినవారు ఉన్నారు. 1931 ఒప్పందంతో తీర గ్రామాలవారు సొంత వాడకానికి ఏరుకోవడానికి మినహాయింపు వచ్చింది. చివరకు 1947 ఏప్రిల్‌లో ఉప్పు పన్ను రద్దయింది. ఆ రద్దును బడ్జెట్‌లో ప్రకటించినది తాత్కాలిక ప్రభుత్వపు ఆర్థిక సభ్యుడు లియాఖత్ అలీ ఖాన్ అన్న సంగతి నేడు ఎవరూ గుర్తుచేయరు. ఆయన పేరు ఆ తర్వాత వేరే దేశానికి చెందిపోయింది మరి.

ఫూఫీ చిన్ననాటి ఉప్పు ఈ పన్ను పోయిన ఉప్పు. వేసవిలో కాలువ పాయల్లో, పల్లపు గుంటల్లో తెల్లగా పేలిన ఉప్పును పిల్లలు కొబ్బరి చిప్పలతో గీకి తెచ్చేవారు. అది ముతక, బూడిద రంగు, కొంచెం చేదు. చేపలు ఎండబెట్టడానికి, ఊరగాయకు అదే. డబ్బు పెట్టి ఉప్పు కొన్నట్టు తనకు పెళ్ళయ్యేదాకా గుర్తు లేదంటుంది.

ఇక్కడ ఒక హదీసు ప్రస్తావన అవసరం. యమన్‌లోని మారిబ్ నుంచి హజ్రత్ అబ్యద్ బిన్ హమ్మాల్ (రజి) వచ్చి అక్కడి ఉప్పు గనిని తనకు ఇప్పించమని మహాప్రవక్త (సఅసం)ను కోరారు. ఆయన ఇచ్చేశారు. అబ్యద్ లేచి వెళ్ళాక సభలో ఒకరు, తమరు ఇచ్చినది ఎన్నటికీ తరగని ఊటనీటి వంటిదని విన్నవించారు. వెంటనే దైవప్రవక్త (సఅసం) ఆ ఈనామును వెనక్కి తీసుకున్నారు. ఈ ఉల్లేఖనం అబూదావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉంది. మనిషి శ్రమతో తవ్వి తీయవలసిన అవసరం లేకుండా నేల మీదనే దొరికే వస్తువును ఒక్కరి సొంతం చేయకూడదని ఫుఖహాలు దీని నుంచి సూత్రం తీశారు. నీరు, పచ్చిక, నిప్పు ఈ మూడింటిలో ప్రజలు వాటాదారులని తెలిపే ప్రసిద్ధ హదీసు సరసన దీనిని పెట్టి చదవాలి. తూర్పు తీరపు ఉప్పు పన్ను మీద ఇంతకన్న సూటి తీర్పు ఏముంటుంది? 1930 నాటి మన పత్రికల్లో ఎవరైనా ఈ హదీసును ఎత్తి చూపారో లేదో వెతకడం యువ పరిశోధకులకు మంచి పని.

ఇప్పుడు ఉప్పు ప్యాకెట్లో వస్తుంది. అయోడిన్ కలపని ఉప్పును తినడానికి అమ్మరాదని 2006 నుంచి దేశమంతటా నిషేధం ఉంది. గాయిటర్ వంటి జబ్బుల నివారణకు అది అవసరమే; దానిని నేను తప్పుపట్టను. అయితే ఉప్పు మళ్ల పక్కన ఇల్లున్న మనిషి ఎక్కడో కట్టిన ప్యాకెట్ కొంటాడన్నది ఒక వింత. ఫూఫీ ఇప్పటికీ ఊరగాయకు ముతక ఉప్పే తెప్పిస్తుంది.

ఉప్పు వెళ్ళిన దారే మనుషులూ వెళ్ళారు. బకింగ్‌హాం కాలువ మద్రాసు దగ్గర 1806లో చిన్నగా మొదలై మెల్లగా ఉత్తరానికి సాగింది. 1876–78 నాటి ఘోర కరవులో ఆకలి జనానికి పని కల్పించే పేరుతో దానిని పొడిగించి, అప్పటి గవర్నరు బకింగ్‌హాం డ్యూకు పేరు పెట్టారు. ఉత్తరాన పెద గంజాం నుంచి దక్షిణాన మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు. అంటే ఆ కాలువ అడుగు భాగం పస్తులున్న మనుషులు తవ్వినది. దాని మీద ఉప్పు, సరుగుడు కట్టెలు, గుల్ల సున్నం, మా మొలగొలుకుల బియ్యం మద్రాసుకు వెళ్ళేవి. తెరచాపకు గాలి అందకపోతే ఇద్దరు మనుషులు గట్టు మీద తాళ్ళు భుజాన వేసుకుని పడవను లాగుకుంటూ నడిచేవారు. ఫూఫీ తల్లి ఒకసారి మద్రాసుకు పడవలో వెళ్ళింది. వారం దాకా పట్టిందట. పడవ వెనుక భాగాన చీర అడ్డం కట్టి ఆడవాళ్ళను కూర్చోబెట్టారు. లాకుల దగ్గర ఆగినప్పుడు గట్టు మీద వంట, గట్టు మీదే నమాజు. పడవ నడక మనిషి నడకే కనుక ఎవరి ఊరు ఎప్పుడొస్తుందో ముందే తెలిసేది.

ఈ కాలువను ఒక్కరోజులో ఎవరూ మూసివేయలేదు. 1899లోనే గూడూరు–బెజవాడ రైలు వచ్చినా సరకు పడవలు ఇంకా చాలా ఏళ్ళు నడిచాయి. లారీలు పెరిగాయి, పూడిక తీసేవారు తగ్గారు, తుపాను తుపానుకు గట్లు తెగాయి. 1980లు వచ్చేసరికి మా వైపు సరకు పడవ కంటబడటం అరుదయింది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు అలలు తెచ్చిన నీటిని చాలాచోట్ల ఈ పాత కాలువే పట్టి నిలిపి, లోపలి ఊళ్ళను కొంత కాపాడిందని పరిశీలించినవారు రాశారు. 2008లో దీనిని జాతీయ జలమార్గంలో భాగంగా ప్రకటించారు. ప్రకటన సంగతి అటుంచితే, మా ఊరి దగ్గర అందులో గుర్రపుడెక్క పేరుకుని ఉంది.

పడవ పోయి బస్సు వచ్చిందని ఒక్క ముక్కలో చెప్పేస్తాము. ఆ ముక్కలో ఒక చిక్కు దాగి ఉంది. పడవ ఎక్కడానికి చదువు అక్కర్లేదు; సరంగు అందరినీ ఎరుగును. బస్సుకు బోర్డు ఉంటుంది. ఫూఫీ ఖుర్ఆన్ నాజరా పూర్తి చేసిన మనిషి. అరబ్బీ అక్షరం తడుముకోకుండా చదువుతుంది. ఇంట్లో మాట్లాడేది దక్కనీ, బయట తెలుగు. కాని తెలుగు అక్షరం ఒక్కటి రాదు. కావలి వెళ్ళవలసినది ఒకసారి నెల్లూరు బస్సెక్కి ఏడ్చుకుంటూ దిగిందట. యాభై ఏళ్ళు దాటాక, 1990–91లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం సాగినప్పుడు, కోడళ్ళతో పాటు లాంతరు ముందు కూర్చుని అక్షరాలు దిద్దింది. ఆ రాత్రి బడుల నుంచే మరుసటి ఏడాది దూబగుంటలో సారా వ్యతిరేక ఉద్యమం పుట్టి, 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధానికి దారితీసిన సంగతి పాఠకులకు విదితమే. మత్తును ఏనాడో నిషేధించిన సమాజం మనది. అయినా ఆ పోరాటానికి ముందు నడిచినవారు అక్షరం నేర్చుకున్న పేద హిందూ, దళిత స్త్రీలని మనం వినయంగా ఒప్పుకోవాలి. మన ఇళ్ళల్లోనూ ఆ సారా చిచ్చు పెట్టకపోలేదు.

తెలుగు అక్షరం వచ్చిన కొన్నాళ్ళకు ఆమె చేతికి ఖుర్ఆన్ తెలుగు అనువాదం ఒకటి వచ్చింది. తెలుగులో ఈ పనికి మొదట పూనుకున్నది చిలుకూరి నారాయణరావు గారు, ఒక హిందూ పండితుడు, స్వాతంత్ర్యానికి ముందే. తర్వాత మనవారి అనువాదాలు ఒక్కొక్కటే వచ్చాయి. అరవై ఏళ్ళు నాలుక మీద ఉన్న సూరాల అర్థం ఆమెకు మొదటిసారి తెలిసింది ఆ పుస్తకంలోనే. “ఇన్నాళ్ళూ ఉత్తరం భద్రంగా దాచుకున్నాను బేటా, విప్పి చదవలేదు” అన్నది నాతో. బర్కత్ లెక్క తీసేవారు దీనిని ఏ పద్దులో రాస్తారో నాకు తెలియదు.

నిప్పు సంగతికి వస్తాను. అగ్గిపెట్టె ఉన్నా ఖర్చు చేయడం ఇష్టం లేని కాలం. పొద్దున్నే ఎవరి పొయ్యి ముందు రాజుకుంటే వారింటికి పిడకముక్క పట్టుకుని వెళ్ళి నిప్పు తెచ్చుకోవడం ఆనవాయితీ. నిప్పుకు వెళ్ళిన మనిషి ఊరికే రాదు; ఆ ఇంట్లో ఎవరికి జ్వరమో, ఎవరింట పొయ్యి రాజుకోలేదో తెలుసుకుని వస్తుంది. పొగ రాని ఇంటికి దోసెడు బియ్యం కొంగున దాచి పంపేవారు. రమజాన్‌లో సహ్రీకి ఒక ఇంటి నిప్పే వీధి మొత్తం తిరిగేది. కట్టెల పొయ్యి పొగకు ఫూఫీ కళ్ళు అప్పుడే సగం పోయాయని డాక్టరు చెప్పాడు. 1999లో ప్రభుత్వం దీపం పథకం కింద పేద స్త్రీలకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చినప్పుడు ఆమె కోడలికి ఒకటి దక్కింది. ఇప్పుడు ఎవరింట పొయ్యి వెలగలేదో బయటికి తెలియదు. జకాత్ పంచేవారికి ఈ సంగతి అనుభవంలోకి వచ్చే ఉంటుంది. పూర్వం పొగను చూసి తెలిసేది, ఇప్పుడు దరఖాస్తు చూసి తెలియాలి.

పచ్చిక కథ 1990 తర్వాత మారింది. కాలువకు సముద్రానికి నడుమ ఉన్న చవుడు నేలలు ఎవరివీ కావు. గేదెలు, మేకలు మేసేవి. మా వాళ్ళు బక్రీదుకు పొట్టేళ్ళను అక్కడే పెంచేవారు. టైగర్ రొయ్యకు విదేశాల్లో ధర రాగానే ఆ నేలలు చెరువులయ్యాయి. రెండు మూడేళ్ళు డబ్బు కురిసింది. నెల్లూరు రొయ్యకు దేశంలోనే పేరు వచ్చింది. 1994లో తెల్లమచ్చ రోగం వచ్చి చెరువులకు చెరువులే తుడిచిపెట్టింది. అప్పటికే దొరువుల చుట్టూ ఉప్పునీరు నిలవగట్టడం వల్ల, మంచినీళ్ళ కోసం వేసిన బోర్లు లోపలి నీటిని లాగేయడం వల్ల దొరువు నీరు నోట పెట్టరాకుండా పోయింది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర చెరువుల మీద ఇచ్చిన తీర్పు చాలా కఠినమైనది. తీర మండలంలో రొయ్యల చెరువులు ఉండరాదని, నష్టపోయినవారికి పరిహారం చెల్లించాలని చెప్పింది. 2005లో పార్లమెంటు చేసిన చట్టంతో చెరువులకు మళ్ళీ దారి ఏర్పడింది; 2009 నుంచి వనామీ రకం వచ్చి సాగు ఇంకా విస్తరించింది. దీనిలో మనవాళ్ళు బాధితులు మాత్రమే అనుకోవడం సరికాదు. చెరువులు కౌలుకు తీసుకున్నవారిలో, ఐసు పెట్టెలు మోసి లాభపడినవారిలో, మేత నేల తమదని కాగితాలు పుట్టించుకున్నవారిలో మన పేర్లూ ఉన్నాయి. తరగని ఊటను ఒక్కడికి ఇచ్చి వెనక్కి తీసుకున్న ప్రవక్త (సఅసం) ఉమ్మత్ మనది.

తుపానుల గురించి రాయడం మొదలుపెడితే ఇంకో వ్యాసమవుతుంది. 1979 మే, 1984 నవంబరు, 1989 నవంబరు – ఈ మూడింటినీ ఫూఫీ చూసింది. 1989 నవంబరు 8 రాత్రి తుపాను కావలి దగ్గర తీరం దాటింది. ఆ రాత్రి ఊళ్ళో తాటాకు ఇల్లు ఒక్కటి నిలవలేదు. ఉన్న మిద్దె మసీదు ఒక్కటే. పల్లె నుంచి, యానాది గుడిసెల నుంచి జనమంతా పిల్లలతో, మేకలతో అందులోకి వచ్చారు. “ఆ రాత్రి ఎవరూ ఎవర్నీ దూరంగా నిలబడమనలేదు” అంటుంది ఫూఫీ. తెల్లవారాక మసీదు బావి చేదను మొదట పట్టుకున్నది ఎవరో ఆమెకు గుర్తు లేదు. ఎవరూ అడ్డు చెప్పలేదన్నది మాత్రం గుర్తుంది. నాకు తెలిసినంతలో మా ఊళ్ళో ఆ కంచె తెగింది అప్పుడే. ఉపన్యాసాల వల్ల కాదు.

ఆ తర్వాత కువైట్, సౌదీ డబ్బు వచ్చింది. తాటాకు పోయి స్లాబు వచ్చింది. తుపానుకు భయం తగ్గింది. స్లాబుతో పాటు ప్రహరీ గోడ, గోడ లోపల ఎవరి బోరు వారికి వచ్చాయి. ఫూఫీ మనవరాళ్ళు ఇద్దరు డిగ్రీ చదివారు. తెల్లవారుజామున అర మైలు ఇసుకలో నడిచే పని ఉంటే వారు బడికి వెళ్ళగలిగేవారా? కుళాయి వచ్చిన ఇంట్లోనే ఆడపిల్ల పుస్తకం పట్టింది. నేను విచారించిన మేరకు, బర్కత్ పోయిందని చెప్పినవారిలో మగవారే ఎక్కువ. నీళ్ళు మోసిన స్త్రీల నోట ఆ మాట నేను దాదాపు వినలేదు. ఫూఫీని సూటిగానే అడిగాను. కాసేపు ఆలోచించి, “బర్కత్ సంగతి నాకు తెలీదు బేటా. నా నడుం సంగతి తెలుసు” అన్నది. ఇంకాసేపు ఆగి, “నిప్పుకు పోవడం మాత్రం బాగుండేది” అన్నది.

పెద్దల మాట పూర్తిగా అబద్ధమని నేను అనడం లేదు. వారు పోగొట్టుకున్నది భక్తి కాదని, వస్తువులని నా అభిప్రాయం. ఎవరి సొంతమూ కాని దొరువు, ఉప్పు గుంట, మేత నేల, కాలువ గట్టు ఒక్క ఆయుష్కాలంలో పోయాయి. వాటితో పాటు వాటి దగ్గర మనుషులు రోజూ కలుసుకునే అవసరం కూడా పోయింది. ఆ ఉమ్మడికి ఉన్న కంచెను మాత్రం అరుగు మీదివారు గుర్తుపెట్టుకోలేదు.

మసీదు బావికి ఇప్పుడు ఇనుప చట్రం బిగించి మోటారు పెట్టారు. నాలుగేళ్ళ కిందట ప్రహరీ గోడకు వీధి వైపు రెండు కుళాయిలు అమర్చారు. ఎవరైనా వచ్చి పట్టుకోవచ్చు. ఊళ్ళో సగం ఇళ్ళు ఇరవై లీటర్ల క్యాను కొనుక్కుంటున్నాయి. క్యాను కొనలేనివారే ఈ కుళాయిల దగ్గరకు వస్తారు. వారిలో ఎక్కువమంది ఒకనాడు గట్టు కింద నిలబడినవారి మనవరాళ్ళు. నిరుటి వేసవిలో ఆ నీరూ కాస్త ఉప్పు తేలింది. కరెంటు బిల్లు ఎక్కువవుతోందని, పైగా నీళ్ళు ఎలాగూ చెడిపోతున్నాయని, వీధి కుళాయిలు మూసేద్దామని కమిటీలో కొందరన్నారు. మోటారు నడిచే గంటలు తగ్గించి కుళాయిలు ఉంచుదామని మరికొందరన్నారు. హజ్రత్ ఉస్మాన్ (రజి) బావి ప్రస్తావన కూడా వచ్చిందట. మొన్నటి జుమా దాకా ఆ సంగతి తేలలేదు.